జూన్‌కి మిగిలిన పేరు

హార్లన్ ఫోర్క్, మోంటానా
డిసెంబరు 3

సిగ్నే అక్కకు,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరూ పోలేదు. ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడతావు, నేను వింటాను, అడగాల్సింది అడగకుండానే పెట్టేస్తాను. అందుకని రాస్తున్నాను.

ఒక పని చేసిపెట్టాలి. అధ్యక్ష పదవికి పోటీపడే వాళ్లంతా ఈ చలికాలం మీ అయోవాలో ఇల్లిల్లూ తిరుగుతున్నారనీ, సెనేటర్ ప్రూయిట్ జనవరిలో మీ ఇంటికే కాఫీకి వస్తున్నాడనీ రాశావు. వచ్చినప్పుడు నా తరఫున ఒక్క ప్రశ్న అడుగు.

మా జింకు కార్ఖానాని తొమ్మిదేళ్ల క్రితం ఒక్కరోజులో మూసేశారు. అందులో పనిచేసిన వాళ్ల ఊపిరితిత్తులు మాత్రం మెల్లగా మూసుకుంటున్నాయి. వాళ్ల కోసం చర్చి పక్కన ఒక క్లినిక్ ఉంది. వాషింగ్టన్ ఇచ్చే డబ్బుతో నడుస్తుంది. వారానికి నాలుగు రోజులు డాక్టరు ఉంటాడు, ఆక్సిజన్ ఇస్తారు. అది పోతే తర్వాతి ఆసుపత్రి మిజూలాలో, నూట తొంభై మైళ్లు. ఆ డబ్బు ఇచ్చే చట్టం గడువు వచ్చే జూన్ 30తో తీరిపోతుంది. పొడిగించాలని బిల్లు పెట్టింది ప్రూయిట్ ఒక్కడే. ఆ బిల్లు కమిటీలో కదలకుండా పడి ఉంది. దాన్ని కదిలిస్తాడా, మా ఊరు వచ్చి ఆ మాట మా ముందు చెబుతాడా, ఇది ప్రశ్న.

పార్టీ అభ్యర్థిని ఎంచే మా ప్రైమరీ ఎన్నిక జూన్ మొదటి మంగళవారం. అప్పటికి దేశమంతా ఓట్లు వేసేసి ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా రైతు సంఘం వాళ్ల గ్రేంజి హాల్లో పోలింగు అధికారిగా కూర్చుంటున్నాను. అధ్యక్షుడు కావాలనుకున్నవాడు ఒక్కడైనా మా ఊళ్లో కారు దిగగా చూడలేదు. మా వంతు వచ్చేసరికి పోటీలో ఇద్దరు మిగిలి ఉంటే ఆ ఇద్దరికీ మేం కావాలి, మా క్లినిక్ కావాలి. ఒక్కడే మిగిలితే మేం ఎవరికీ అక్కర్లేదు. ఇద్దరు మిగలాలి, అంతే. అది మొట్టమొదట ఓటేసే మీ చేతుల్లో ఉంది.

మంచు రెండడుగులు పడింది. నేను బాగానే ఉన్నాను.

ఎయినార్


ఎల్‌డ్రెడ్, అయోవా
జనవరి 14

తమ్ముడు ఎయినార్‌కి,

ఒరేయ్, నువ్వు ఒక్క ఉత్తరంలో ఇన్ని వాక్యాలు రాయగా చూడటం ఇదే మొదలు. పదిలంగా దాచాను.

నిన్న వచ్చాడు సెనేటర్. మా ముందుగదిలో ఇరవై ముగ్గురు. సోఫా మీద ఆరుగురు కూర్చుంటే అది ఎలా మూలిగిందో నీకు తెలుసు. అమ్మ చేసినట్టే బంగాళాదుంప రొట్టెలు, లెఫ్సాలు కాల్చాను. మూడు తిన్నాడు. మందుల షాపు వెర్లిన్ టీజెన్ కూడా వచ్చాడు. అతను అదే పార్టీలో పోటీపడుతున్న గవర్నర్ లాథ్రప్ మనిషి, కానీ లెఫ్సాలకి వర్గం ఏముంది.

అందరూ మొక్కజొన్న ధర గురించి అడిగారు. నేను చివర్న లేచి, "మా తమ్ముడొక ప్రశ్న పంపాడండీ" అన్నాను.

"పోస్టులోనా?" అన్నాడు.

"వాడు ఫోన్‌లో మాట్లాడడండీ. మీరు ఎదురుగా నిలబడినా మాట్లాడతాడని హామీ ఇవ్వలేను."

నవ్వారు అందరూ. నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. నిలబడే మొత్తం చదివాడు. నవ్వడం మానేశాడు. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి మీ ఊరి పేరు రాసుకున్నాడు. "బిల్లు కదిలిస్తాను. జూన్‌కి ముందు అక్కడికి వెళ్తాను. ఈ మాట మీ తమ్ముడికి రాయండి. నేను జూన్ దాకా పోటీలో ఉంటే" అన్నాడు.

"ఉంటే" అన్నాడు వెర్లిన్ నా చెవి దగ్గర, నోట్లో లెఫ్సా పెట్టుకుని.

అతని ముఖం మీదే చెప్పాను, ఫిబ్రవరిలో ప్రూయిట్ మూలకి పెద్దని నేనేనని. అవును, పేరు ఇచ్చేశాను. నువ్వు పందొమ్మిదో ఏట వెళ్లిపోయావు, మా కాకస్ నీకు గుర్తుండదు. మీలాగా చాటుగా చీటీ వేసి ఇంటికి పోవడం కాదు. ఊరంతా చూస్తుండగా నడిచి వెళ్లి, మనకి కావలసినవాడి మూలలో నిలబడాలి. వచ్చినవాళ్లలో నూటికి పదిహేను మందైనా లేని మూల చెల్లదు. ఆ మూలలోవాళ్లు ఇంకో మూలకి పోవాలి, లేదా ఇంటికి పోవాలి. కాకస్ జరిగేది బడి భోజనాల హాల్లో, ముప్పై ఏళ్లు ఆ బడి వంటగదిలో వండి పెట్టాను. ఆ భోజనాల హాల్లో ఎవరు ఎటు నడుస్తారో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

నీ అక్క
సిగ్నే


హార్లన్ ఫోర్క్
జనవరి 25

సిగ్నే అక్కకు,

నీ ఉత్తరం క్లినిక్‌లో, మందుల కోసం కూర్చున్న వాళ్లందరి ముందు పైకి చదివాను. చదవడం అయ్యాక మా పక్కింటి మిల్కా పెట్రిచ్, "ఏమయ్యా ఎయినార్, నీకు గొంతుందా? ముప్పై ఏళ్లుగా మధ్యలో ఒక్క కంచే ఉంది, నాకు తెలియనేలేదు" అంది.

మిల్కాకి డెబ్బై ఎనిమిది. భర్త, ఆంటే పెట్రిచ్, కొలిమి దగ్గర పనిచేసి అదే జబ్బుతో పోయాడు. ఆమె అతని పని బట్టలు ఉతికి ఉతికి అదే దుమ్ము పీల్చింది. ఇప్పుడు చక్రాల బండి మీద సిలిండర్ లాక్కుంటూ తిరుగుతుంది. జీవితంలో ఎప్పుడూ ఓటు వెయ్యలేదు. మొన్న నేను ఫారం పట్టుకెళితే సంతకం పెట్టింది. "జూన్ దాకా నేనుంటానో లేదో. ఆయన్ని మాత్రం ఉండమను" అంది.

ఇప్పటికి అరవై మూడు మంది కొత్తగా ఓటర్లుగా పేరు రాయించుకున్నారు. ఊళ్లో ఇలాంటిది చూడలేదు. ఆయన వస్తే ఎక్కడ మాట్లాడాలన్నది కూడా తేల్చేశారు. హాలు చాలదట, బడి వ్యాయామశాల కావాలట.

నువ్వు చేసినదానికి ఏం రాయాలో నాకు తెలియదు. నీకు తెలుసు.

ఎయినార్


ఎల్‌డ్రెడ్
ఫిబ్రవరి 13

తమ్ముడు ఎయినార్‌కి,

టీవీలో చూసే ఉంటావు. నీ సెనేటర్ రాష్ట్రంలో నాలుగో స్థానంలో వచ్చాడు. లాథ్రప్ గెలిచాడు.

మా దగ్గర డెబ్బై నాలుగు మంది వచ్చారు. మూల చెల్లాలంటే పన్నెండు మంది ఉండాలి. ఆరున్నరకే వెళ్లి ప్రూయిట్ బోర్డు గోడకి నేనే అంటించాను. కాఫీ కూడా నేనే పెట్టాను. తుది లెక్కకి ఆ మూలలో పదకొండు మందే ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు తక్కువ. అంతటితో ఆ మూల చెల్లకుండా పోయింది. సగం మంది కోట్లు వేసుకుని ఇళ్లకి పోయారు.

బయట మైనస్ ఇరవై. బళ్లు స్టార్టు కాక చాలామంది రానేలేదు.

మార్చిలో పార్టీ కౌంటీ సమావేశానికి ప్రతినిధుల్లో నన్నూ వేశారు. అక్కడ తీర్మానాలు పెట్టనిస్తారు. మీ క్లినిక్ సంగతి అక్కడ పెడతాను. కాబట్టి మనసు పాడుచేసుకోకు. ఇంకా నలభై తొమ్మిది రాష్ట్రాలున్నాయి.

మోకాలు నొప్పిగా ఉంది, అంతసేపు నిలబడి. ఇంక రాయలేను.

సిగ్నే


హార్లన్ ఫోర్క్
మార్చి 12

సిగ్నే అక్కకు,

మూడు రాష్ట్రాలు అయ్యాయి, నలభై తొమ్మిది కాదు. సోమవారం ప్రూయిట్ తప్పుకున్నాడు. లాథ్రప్ పక్కన నిలబడి అతని చెయ్యి పైకెత్తాడు. మిగిలినవాళ్లు అంతకు ముందే పోయారు. ఒక్కడే మిగిలాడు.

ఇద్దరికీ ఉత్తరాలు రాశాను. ప్రూయిట్ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి, సెనేటర్‌గారు మీ మద్దతును మరువరు అని రాసింది. బిల్లు మాట లేదు. కమిటీ అధ్యక్షుడు లాథ్రప్ మనిషి కనుక ఇప్పుడు దాన్ని కదపడని పేపర్లో వచ్చింది. లాథ్రప్ ఆఫీసు నుంచి అచ్చు కార్డు ఒకటీ, కారుకి అంటించుకునే స్టిక్కరొకటీ వచ్చాయి. కార్డు మీద 'మోంటానా మిత్రమా' అని ఉంది. 'మోంటానా' అన్న మాట మిగతా అక్షరాలకంటే కొంచెం పక్కకి ఒరిగి ఉంది. ప్రతి రాష్ట్రానికీ ఆ ఒక్క మాట మార్చి అచ్చు వేస్తారనుకుంటాను.

పేరు వెనక్కి తీసుకునే గడువు దాటాక తప్పుకున్నాడు కాబట్టి జూన్ బ్యాలెట్ మీద ప్రూయిట్ పేరు అలాగే ఉంటుందని కౌంటీ గుమస్తా చెప్పింది.

అరవై మూడు మంది నన్ను వీధిలో చూసి ఇప్పుడేం చెయ్యాలని అడుగుతున్నారు. కార్ఖానాలో నాతో పనిచేసిన రాయ్ కెసింజర్, "జూన్‌లో మనం వేసేది ఓటు కాదురా, సంతాప లేఖ" అన్నాడు. మిల్కా ఇక్కడ లేదు. న్యుమోనియా వస్తే ఫిబ్రవరి చివర మిజూలా తీసుకెళ్లారు. అక్కడ ఇంకా ఎన్నాళ్లుంచుతారో చెప్పడం లేదు.

ఎయినార్


ఎల్‌డ్రెడ్
మార్చి 24

తమ్ముడు ఎయినార్‌కి,

ఆ రాయ్ మాటలు పట్టించుకోకు. జూన్‌లో మీ కాగితం మీద ఒక్క అధ్యక్షుడి పేరే ఉంటుందా? కౌంటీ కమిషనర్ ఉంటాడు, షెరీఫ్ ఉంటాడు, బడి పన్ను ఉంటుంది. ఓటు ఊరికే పోదు. నువ్వే కదా ఇరవై ఆరేళ్లుగా అందరికీ ఆ మాట చెప్పావు.

ఇటు మంచి కబురు. కౌంటీ సమావేశంలో నీ తీర్మానం పెట్టాను. గ్రామీణ క్లినిక్కుల గడువు పొడిగించాలని చదివాను. చేతులెత్తారు, నెగ్గింది. నిజం. నన్ను జిల్లా సమావేశానికి, అక్కడినుంచి రాష్ట్ర సమావేశానికి కూడా పంపుతున్నారు. బాగా జరిగితే వేసవిలో పార్టీ జాతీయ సమావేశానికి వెళ్లొచ్చు. అరవై తొమ్మిదేళ్లు వచ్చాయి, డెమోయిన్ దాటి ఎటూ వెళ్లలేదు నేను. విమానం ఎక్కితే చెవులు మూసుకుపోతాయట కదా.

మా వారపత్రికలో ఫొటో వేశారు. కత్తిరించి పంపుతున్నాను. ఆ నీలం కోటు నాకు బాగుందని అందరూ అన్నారు. నువ్వూ చూసి చెప్పు.

సిగ్నే


హార్లన్ ఫోర్క్
మార్చి 31

సిగ్నే అక్కకు,

కోటు బాగుంది.

ఫొటో కింద ఉన్నది రెండుసార్లు చదివాను. ఆ వాక్యాన్ని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను: 'ఫిబ్రవరి కాకస్‌లో మొదటి లెక్కలో పన్నెండు మందితో నిలిచిన ప్రూయిట్ వర్గం, తుది లెక్కకి పదకొండుకు తగ్గి రద్దయింది. లాథ్రప్ తరఫున ఎన్నికైన ప్రతినిధుల్లో శ్రీమతి సిగ్నే బ్రెమర్ ఒకరు.'

మొదట పన్నెండు మంది ఉన్నారని నువ్వు రాయలేదు. 'ఆ మూలలో' పదకొండు మంది ఉన్నారని రాశావు. 'మేం పదకొండు మందిమి' అని రాయలేదు. అప్పుడు గమనించలేదు.

రెండు లెక్కల మధ్య నడిచి వెళ్లిన మనిషి ఎవరు?

ఎయినార్


ఎల్‌డ్రెడ్
ఏప్రిల్ 9

ఎయినార్‌కి,

నేనే.

రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అందుకని రాస్తున్నాను. ఇది నువ్వు రాసే పద్ధతిలో రాయడానికి ప్రయత్నిస్తాను. ఉన్నది ఉన్నట్టు.

ఏడున్నరకి మొదటి లెక్క అయింది. మేం పన్నెండు మందిమి. సరిగ్గా సరిపోయాం. తర్వాత అరగంట అటూ ఇటూ మారే సమయం. ఆ అరగంటలో వెర్లిన్ వచ్చాడు. మొదట వాతావరణం గురించి మాట్లాడాడు. తర్వాత, "సిగ్నే, నీ పన్నెండు మందికి ఒక్క ప్రతినిధి వస్తాడు. మార్చికల్లా ప్రూయిట్ తప్పుకుంటే వాడు ఎవరికీ కాకుండా పోతాడు. మా వైపు నలభై మంది ఉన్నారు. మా జాబితాలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. జాతీయ సమావేశం దాకా వెళ్లే కుర్చీ. ఆ హాల్లో అందరికీ అన్నం పెట్టిన మనిషివి, నీకు కాక ఎవరికి ఇస్తాం" అన్నాడు.

"మా తమ్ముడికి మాటిచ్చాను" అన్నాను.

"మీ తమ్ముడి సంగతి గెలిచేవాడి దగ్గర చెప్పుకో. ఓడిపోయేవాడి దగ్గర చెప్పుకుని ఏం లాభం?" అన్నాడు.

ఆ మాట నాకు నిజమనిపించింది. అది ఒక కారణం. ఇంకో కారణం ఉంది, అది నీకు చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి లాభం లేదు. అటువైపు నవ్వుతున్నారు. బ్యాండు పిల్లలు వాళ్ల వైపే ఉన్నారు. మా మూలలో వేడినిచ్చే రేడియేటర్ పనిచెయ్యదు, ఉన్నవాళ్లంతా ముసలివాళ్లు, ఎవరూ మాట్లాడరు. నా జీవితంలో ఒక్కసారి గెలిచే మూలలో నిలబడాలనిపించింది ఎయినార్. అంతే. నలభై అడుగులు నడిచాను. చప్పట్లు కొట్టారు. వెనక్కి తిరిగి చూస్తే మా మూలలోవాళ్లు నన్ను కాదు, గోడ మీద నేనంటించిన బోర్డుని చూస్తున్నారు.

కానీ ఆలోచించు. రాష్ట్రంలో రెండు వేల చోట్ల ఇలాగే నిలబడ్డారు. మా ఊళ్లో ఒక్క మూల చెల్లినంత మాత్రాన ఆయన మూడో స్థానానికి కూడా వచ్చేవాడు కాదు. నా ఒక్కదాని అడుగులతో ఏదీ మారలేదు.

సిగ్నే


హార్లన్ ఫోర్క్
మే 2

సిగ్నే అక్కకు,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. కోపంలో రాయకూడదని ఆగాను. ఆగినా తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

నీ ఒక్కదాని అడుగులతో ఏదీ మారలేదంటున్నావు. మొదట ఓటేసే చోట, అధ్యక్షుడు కాబోయేవాడు నీ సోఫా పక్కన నిలబడి లెఫ్సాలు తినే చోట, పన్నెండు మందిలో ఒక మనిషివి నువ్వు. నీదే లెక్కలోకి రాదంటే, చిట్టచివర, అందరూ తేల్చేశాక, మూడు లక్షల మందిలో ఒకణ్ణి నేను పెట్టే గుర్తు ఏ లెక్కలోకి వస్తుంది? అయినా మార్చిలో నువ్వు నాకు ఓటు ఊరికే పోదని రాశావు. ఆ ఉత్తరంలోనే నీ ఫొటో ఉంది. నీ లెక్కలో నా ఓటు విలువైనది, నీది కాదు. అలా అయితే నువ్వు చేసినదానిలో తప్పు ఉండదు కదా.

రెండు వేల మూలల్లో రెండు వేల మంది నీలాగే అనుకుని ఉంటారు. చలిగా ఉంది, అటు నవ్వుతున్నారు, నేనొక్కదాన్ని వెళ్తే ఏమవుతుందని. అందరూ అలా నడిచి వెళ్లాక, మాకు ఒక్కడు మిగిలాడు.

గెలిచేవాడి దగ్గర చెప్పుకోమన్నాడు వెర్లిన్. చెప్పావా? మూడు నెలలైంది. తీర్మానం నెగ్గిందని రాశావు. తీర్మానం పీల్చుకుని ఎవరూ బతకరు.

నేను నీకు చెప్పనిది కూడా ఒకటుంది. డిసెంబరు ఉత్తరంలో నేను బాగానే ఉన్నానని రాశాను. క్లినిక్ జాబితాలో నలభై ఒక్క పేర్లున్నాయి. ఇరవై తొమ్మిదోది నాది. రెండేళ్లయింది. తమ్ముడి కోసమని కాక, అడగాల్సిన ప్రశ్న కాబట్టి అడుగుతావని చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ నలభై అడుగులు నడిచేదానివి కాదేమో. ఆ ఆలోచనే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. నా పేరు ఉంటేనే ఆగేదానివంటే, మిగతా నలభై మంది నీకు ఎవరూ కారు.

ఎయినార్


ఎల్‌డ్రెడ్
మే 19

తమ్ముడు ఎయినార్‌కి,

ఎన్నిసార్లు చదివానో. రెండేళ్ల నుంచి ఊపిరాడని మనిషివి నాకు మంచు ఎన్నడుగులు పడిందో రాస్తూ వచ్చావు. నీకూ నాకూ ఒక్క తల్లే అంటే ఎవరైనా నమ్ముతారా.

అడిగావు కదా, చెప్పావా అని. చెప్పాను. మొన్న శనివారం లాథ్రప్ మా కౌంటీకి ధన్యవాదాలు చెప్పడానికి వచ్చాడు. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక, "మా తమ్ముడు మోంటానాలో చచ్చిపోతున్నాడండీ, వాళ్ల క్లినిక్ జూన్ 30న మూసేస్తున్నారు" అన్నాను. అలాగే అన్నాను, మెత్తగా కాదు.

రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. "మీలాంటి వాళ్ల కోసమే నేనీ పని చేస్తున్నాను" అన్నాడు. "క్లినిక్ సంగతి చెప్పండి" అన్నాను. పక్కనున్న కుర్రవాడు, "అమ్మా, వరస కదలాలి" అన్నాడు. ఫొటో తీశారు. నా నోరు తెరిచి ఉంది అందులో.

తర్వాత వెర్లిన్‌ని నిలదీశాను. "మోంటానాయా? మోంటానా ఓటు ఎప్పుడు వేస్తుంది?" అన్నాడు. జూన్‌లో అన్నాను. "మరి?" అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. నా కుర్చీ అతని ముఖాన కొట్టాను. ప్రతినిధిగా మానేస్తున్నానని కాగితం రాసిచ్చాను. ఇంకొకరిని వేసుకుంటారట. సాయంత్రానికే వేసుకున్నారు.

నన్ను తిట్టు, పడతాను. కానీ ఇక్కడికి వచ్చెయ్యి. మా కౌంటీ ఆసుపత్రి తొమ్మిది మైళ్లు. పై గది ఖాళీగా ఉంది.

నీ అక్క
సిగ్నే


హార్లన్ ఫోర్క్
జూలై 1

సిగ్నే అక్కకు,

పై గదికి రాను. ఇక్కడ నలభై మంది ఉన్నారు, వాళ్లెవరికీ పై గది ఉన్న అక్క లేదు. జవాబు కోసం ఎదురు చూస్తూ ఉంటావు కాబట్టి ఇక్కడేం జరిగిందో రాస్తున్నాను. దీనికి నువ్వు జవాబు రాయనక్కర్లేదు.

ప్రైమరీ రోజున ఏడింటికి తలుపు తీశాను. జనం వస్తారనుకోలేదు. వచ్చారు. రాయ్ కెసింజర్ మొదటివాడు. "సంతాప లేఖ ఎక్కడ వెయ్యాలి?" అన్నాడు. పెట్టె చూపించాను. అరవై మూడు మంది కొత్తవాళ్లలో యాభై ఎనిమిది మంది వచ్చారు. షెరీఫ్‌కి పోటీ లేదు, బడి పన్ను ఈసారి లేదు. వేసింది ఆ ఒక్క పేరుకే.

పదకొండింటికి మిల్కా వచ్చింది. మే నెల చివర మిజూలా నుంచి తీసుకొచ్చారు. మూడు నెలలు అక్కడి ఆసుపత్రిలో ఉంది. చూపు తగ్గింది, పేపరు చదవదు. ఊరికి వచ్చిన రోజు నుంచి జూన్ ఎప్పుడొస్తుందని అడుగుతూ ఉంది. ప్రూయిట్ తప్పుకున్నాడని ఆమెకి ఎవరూ చెప్పలేదు. కూతురు నన్ను చెప్పమంది, నేను కూతురు చెబుతుందనుకున్నాను. తర్వాత ఇద్దరం మానేశాం.

మెట్ల మీద సిలిండర్ బండిని రాయ్ ఎత్తాడు. ఆమె నా బల్ల దగ్గర ఆగి, పుస్తకంలో సంతకం పెట్టి, "మన మనిషి పేరు ఉందా ఇందులో?" అంది.

"ఉంది."

"ఎలా ఉన్నాడు? గెలిచేలా ఉన్నాడా?"

పోలింగు హాల్లో అధికారి అభ్యర్థుల గురించి నోరు విప్పకూడదు. ప్రతి ఎన్నికకీ చెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తాను, ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. "ఇక్కడ నేను చెప్పకూడదు మిల్కాగారూ" అన్నాను.

"నువ్వెక్కడ చెప్పావు కనుక" అంది, నవ్వుతూ. లోపలికి వెళ్లింది. చాలాసేపు పట్టింది. ఆమె ఊపిరి తెర వెనకనుంచి హాలంతా వినబడింది.

ప్రమాణం అడ్డొచ్చిందని రాసుకుంటే సులువుగా ఉండేది. కానీ అంతకు ముందు వారంలో రెండుసార్లు ఆమె వంటింట్లో కూర్చుని కాఫీ తాగాను. అక్కడ ఏ ప్రమాణమూ లేదు. నువ్వు ఫిబ్రవరిలో నిజం ఎందుకు రాయలేదో ఆ బల్ల దగ్గర నాకు తెలిసింది. తెలిసినంత మాత్రాన నిన్ను క్షమించానని అనుకోకు. నన్నూ క్షమించుకోలేదు.

మా హాల్లో ప్రూయిట్‌కి ఎనభై ఎనిమిది, లాథ్రప్‌కి ముప్పై ఒకటి. ఎనిమిదింటికి మేం పెట్టె తెరిచి లెక్క మొదలుపెట్టాం. ఎనిమిది దాటి ఒక్క నిమిషానికే టీవీలో మోంటానా లాథ్రప్‌దని చెప్పేశారు, బేస్‌బాల్ స్కోర్ల కింద ఒక వరసలో. మేం లెక్క ఆపలేదు. ముగ్గురం సంతకాలు పెట్టి సీలు వేశాం. కౌంటీ నుంచి ఆ కాగితం రాజధానికి వెళ్లింది. దాన్ని అక్కడెవరైనా చదువుతారో లేదో తెలియదు.

నిన్న క్లినిక్ ఆఖరి రోజు. డాక్టరు తన పెట్టెలు తనే మోసుకున్నాడు. మిగిలిన సిలిండర్లు పేర్లు చదివి తలా ఒకటి ఇచ్చారు. ఇంకో రెండు వారాలు వస్తాయి. ఆ తర్వాత మిజూలా. కారున్నవాళ్లం వంతులు వేసుకుంటున్నాం.

మిల్కా బెంచీ మీద నా పక్కన కూర్చుంది. తలుపు మీద నర్సు అంటించిన నోటీసు ఆమెకి కనబడలేదు, ఏముందని అడిగింది. చదివి చెప్పాను.

"ఇప్పుడు హాల్లో లేం కదా ఎయినార్. ఇప్పుడు చెప్పు. ఆయన గెలిచాడా?"

"ఇక్కడ గెలిచాడు" అన్నాను.

తల ఊపింది. "అయితే జనవరిలో ఆయన గద్దె ఎక్కగానే మళ్లీ తెరుస్తారు" అంది. "అప్పటిదాకా ఎలాగో లాగుదాం."

ఆమె కొత్త సిలిండర్ నేను మోశాను. కారు దగ్గరికి చేరేలోపు ఇద్దరం మూడుసార్లు ఆగాం.

ఎయినార్